బండి సందేహాలు: మంచుకీ, పడవకీ ఫోర్ వీల్ డ్రైవ్ కొనాలా?

అక్టోబర్ వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం ఇవే ఉంటాయి. ఈసారి నాలుగు తీసుకున్నా. మొదటిదానికే చోటంతా పోయింది, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నమస్తే అండి. మేం అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం మినియాపోలిస్ దగ్గర ఉంటాం, ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లయింది. ఇంట్లో ఫ్రంట్ వీల్ డ్రైవ్ టయోటా సియెన్నా మినీవ్యాన్ ఉంది, 2022 మోడల్, ఇంకోటి పాత క్యామ్రీ కారు. మా ఆఫీసులో ఒకాయన రిటైరై ఆరిజోనా వెళ్లిపోతూ తన పదిహేడడుగుల అల్యూమినియం పడవ, మోటారు, ట్రైలర్ అన్నీ కలిపి చవగ్గా ఇస్తానంటున్నాడు, మొత్తం 2,400 పౌండ్లు ఉంటుందట. పడవ లాగాలంటే ట్రక్ ఉండాలి కదా అని వాడిన ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్కులు చూస్తున్నా. ఒకే ఏడాదివి, మైళ్లు కూడా అటూ ఇటూగా ఒకటే, ఒకటి టూ వీల్ డ్రైవ్, ఒకటి ఫోర్ బై ఫోర్, రెంటికీ తేడా 3,800 డాలర్లు. మా ఆవిడేమో ఎనిమిది చలికాలాలు క్యామ్రీతోనే గడిచాయి, ఇప్పుడు కొత్తగా వచ్చిన మంచేంటి అంటోంది. ఖమ్మం నుంచి మా మామగారు ఫోన్‌లో, ఫోర్ వీల్ ఉంటే మంచులో భయం ఉండదు, పిల్లలున్న ఇల్లు, డబ్బు చూసుకోవద్దు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: మీ మామగారి మాటలో ప్రేమ ఉంది కానీ లెక్క లేదు, మీ ఆవిడ మాటలో లెక్క ఉంది కానీ ఆవిడ ఒక సంగతి వదిలేశారు, అది చివర్లో చెప్తా. ముందు ఒకటి గమనించండి, మీరు రెండు వేరే వేరే పనుల్ని ఒకే మూటలో కట్టేశారు. మిన్నెసోటాలో చెరువుల మీద ఐస్ కరిగేది ఏప్రిల్‌లో, పడవ నీళ్లలోకి దిగేది మే నెలలో, అక్టోబర్ అయ్యేసరికి మళ్లీ టార్పాలిన్ కప్పేసి షెడ్డులో పెట్టేస్తాం. పడవ లాగే రోజున మంచుండదు, మంచున్న రోజున పడవ లాగరు. మంచులో స్నోమొబైళ్లు లాగేవాళ్లకీ, గడ్డకట్టిన చెరువు మీదకి చేపలు పట్టే గుడిసె లాక్కెళ్లేవాళ్లకీ ఆ రెండూ కలుస్తాయి, కానీ మీరు రాసింది అది కాదు. కాబట్టి మంచు సంగతి విడిగా, పడవ సంగతి విడిగా చూద్దాం.

మంచు సంగతికి నా తలవంపుల కథ ఒకటి ఉంది. నేనిక్కడికి వచ్చిన రెండో ఏడాది ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ కొన్నా. డిసెంబర్‌లో ఒక పొద్దున నాలుగంగుళాల మంచు పడింది, కాలనీ దాటి మెయిన్ రోడ్డెక్కే చోట చిన్న ఎత్తు ఉంటుంది, అక్కడ ముందు బండ్లన్నీ చక్రాలు గిర్రున తిప్పుకుంటూ ఆగిపోయి ఉంటే నేను పక్కనుంచి ఏనుగెక్కినట్టు వెళ్లిపోయా. ఆ గర్వం సరిగ్గా రెండు నిమిషాలు ఉంది. అవతలవైపు దిగుడు, కింద సిగ్నల్ ఎర్రగా ఉంది, ఇరవై అయిదు మైళ్ల స్పీడులో బ్రేక్ తొక్కా, కాలి కింద ఏబీఎస్ డ్రర్రర్ర అని కొట్టుకుంటోంది, బండి మాత్రం పీట మీద కూర్చుని జారినట్టు హాయిగా జారుతూనే ఉంది. సిగ్నల్ దాటేసి అవతలి కర్బ్‌కి తగిలి ఆగా. ముందు చక్రం రిమ్ వంగింది, కంట్రోల్ ఆర్మ్ పోయింది, అడ్డరోడ్డులో ఎవరూ రాలేదు కాబట్టి మనిషిని మిగిలా. నా వెనకాలే ఒక పాత కరోలా వచ్చి గీత దగ్గర బుద్ధిగా ఆగింది, అందులోంచి డెబ్భై ఏళ్ల పెద్దావిడ కిటికీ దించి బానే ఉన్నావా అబ్బాయ్ అన్నట్టు అడిగింది. దాని టైర్లు చూశా, స్నో టైర్లు. నావి ఎప్పుడో కంపెనీ నుంచి వచ్చిన ఆల్ సీజన్ టైర్లు, సగానికి పైగా అరిగినవి.

ఇందులో మాయేమీ లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ అన్నా, ఫోర్ బై ఫోర్ అన్నా, ఆల్ వీల్ డ్రైవ్ అన్నా ఇంజిన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్లడం, అంతే. బ్రేకులు మాత్రం క్యామ్రీకైనా ఎఫ్-150కైనా నాలుగు చక్రాలకీ ఎప్పటినుంచో ఉన్నాయి, అందులో కొత్తగా కలిసేదేమీ లేదు. కదలడానికి, ఎక్కడానికి, కూరుకుపోతే బయటపడటానికి అది పనికొస్తుంది. ఆగడానికి రాదు, మలుపులో పట్టుకోవడానికి పెద్దగా రాదు. నిజం చెప్పాలంటే నాకు చేసింది కీడే, టూ వీల్ డ్రైవ్ అయితే ఆ ఎత్తు దగ్గరే చక్రాలు తిరిగి, ఒరేయ్ ఇవాళ రోడ్డు బాలేదు అని చెప్పేది, ఇది చెప్పకుండా తీసుకెళ్లి సిగ్నల్ దగ్గర వదిలేసింది.

కాగితం మీద లెక్క వేసి చూడండి. గంటకి 30 మైళ్ల స్పీడులో బ్రేక్ వేస్తే, మీ కాలు కదలడానికి పట్టే టైం వదిలేసి, పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే 37 అడుగుల్లో ఆగుతుంది. తొక్కుడుపడిన మంచు మీద 0.2 అనుకోండి, 150 అడుగులు. ఐస్ మీద 0.1 అనుకోండి, 300 అడుగులు, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం ఈ చివర గోల్ లైన్ నుంచి ఆ చివర దాకా. ఈ లెక్కలో ఎన్ని చక్రాలకి ఇంజిన్ బలం వెళ్తోందనేది ఎక్కడా లేదు. ఉన్నదల్లా రబ్బరుకీ రోడ్డుకీ మధ్య పట్టు, అది మార్చగలిగేది టైరొక్కటే.

మామూలు ఆల్ సీజన్ టైర్ల రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి వచ్చేసరికి బిగుసుకోవడం మొదలవుతుంది, మైనస్ ఇరవైలో అది రబ్బరులా ఉండదు, గట్టి ప్లాస్టిక్‌లా ఉంటుంది. వింటర్ టైర్ రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగానే ఉంటుంది, పైన సన్నటి గాట్లు వేలకొద్దీ ఉండి మంచుని కరిచి పట్టుకుంటాయి. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని రాసి ఉంటే మురిసిపోవద్దు, అది గాట్ల ఆకారాన్ని బట్టి వేసే ముద్ర మాత్రమే. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు బొమ్మ ఉందేమో చూడండి, అది మంచు మీద పరీక్షలో నిలబడితేనే ఇస్తారు. మీ సియెన్నాకి నాలుగు వింటర్ టైర్లు, వాటికి విడిగా స్టీల్ రిమ్ములు కలిపి వెయ్యి డాలర్ల చిల్లర అవుతుంది, నవంబర్‌లో వేసి ఏప్రిల్‌లో తీసేస్తారు, ఆ అయిదు నెలలూ మామూలు టైర్లు అరగవు కాబట్టి ఆ డబ్బులో కొంత తిరిగొచ్చినట్టే. రెండే వేద్దాం, ముందు చక్రాలకే కదా బలం వెళ్లేది అని మనవాళ్లు ఆదా చేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, ముందు భాగం ఆగి వెనక భాగం ఆగక బండి గిర్రున తిరిగిపోతుంది.

ఇక పడవ. ట్రైలర్ లాగడం అనగానే జనం ఇంజిన్ గురించి, ఫోర్ వీల్ గురించి మాట్లాడతారు, అసలు చూడాల్సింది డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద ఉండే చిన్న స్టిక్కర్. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని ఒక అంకె ఉంటుంది. ట్రైలర్ నొగ బండి మీద మోపే బరువు కూడా ఆ అంకెలోంచే పోవాలి. మా తాత ఎడ్లబండికి వరిమోపులు వేసేటప్పుడు ఒక వరస వేసి కాడి దగ్గరికొచ్చి చేత్తో ఎత్తి చూసేవాడు, వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడలు పట్టేస్తాయి, ముందు బరువెక్కువైతే ఎడ్లు కుంగిపోతాయి. ఇక్కడా అంతే. మొత్తం ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం నొగ మీద ఉండాలంటారు, పడవ ట్రైలర్లకి కాస్త తగ్గినా నడుస్తుంది, కానీ మరీ తగ్గి వెనక బరువైతే 60 మైళ్ల స్పీడులో ట్రైలర్ పాము తోకలా ఊగడం మొదలుపెడుతుంది, అప్పుడు ఏ వీల్ డ్రైవ్ అయినా చేసేదేం లేదు.

మీ ఆఫీసాయన చెప్పిన 2,400 బహుశా ఖాళీ పడవ లెక్క. పెట్రోలు గాలన్‌కి ఆరు పౌండ్లు, ఇరవై గాలన్లంటే 120. బ్యాటరీలు రెండు, లంగరు, చేపల సామాను, లైఫ్ జాకెట్లు, ఐస్ పెట్టె, ఇవన్నీ పడితే 2,800 అవుతుందనుకోండి. నొగ మీద ఒక 280. మీ సియెన్నా స్టిక్కర్ మీద 1,300 ఉందనుకుంటే, మీ ఇంట్లో అయిదుగురికి 650, నొగ 280, ట్రైలర్ తగిలించే హిచ్ ఇనుము 40, వెనక డిక్కీలో పులిహోర గిన్నె, కుర్చీలు, సంచులు కలిపి 150, మొత్తం 1,120. సరిపోయింది. సియెన్నా 3,500 పౌండ్ల దాకా లాగొచ్చని టయోటా చెప్తుంది కాబట్టి అటూ సరిపోయింది. ఒక్కసారి ట్రక్ స్టాపులో తూకం వేయించండి, అమ్మేవాడి నోటి లెక్క నమ్మొద్దు. మిన్నెసోటాలో 3,000 పౌండ్లు, ఆ పైన ఉన్న ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలని చట్టం, మీది దాని అంచున ఉంది. మీ బండి పుస్తకం అంతకంటే తక్కువ బరువుకే బ్రేకులు అడగొచ్చు, చూసుకోండి. నా మటుకు నేను చట్టం అడిగినా అడక్కపోయినా ఆ బరువుకి బ్రేకులున్న ట్రైలరే తీసుకుంటా.

అంటే, పడవ లాగాలంటే ట్రక్ ఉండాల్సిందే అన్న మీ మొదటి మాటే తప్పు. ఇంకో ముచ్చట, ఫోర్ బై ఫోర్ ట్రక్ ఎక్కువ లాగుతుందని చాలామంది అనుకుంటారు, అదే ట్రక్‌లో అదే ఇంజిన్‌తో టూ వీల్ డ్రైవ్‌ది సాధారణంగా కొంచెం ఎక్కువే లాగుతుంది, ఎందుకంటే ముందు చక్రాలకి బలం పంపే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, షాఫ్టులు మోసే పని దానికి లేదు కాబట్టి. మైలేజీలో కూడా గాలన్‌కి ఒకటి రెండు మైళ్లు ఫోర్ బై ఫోర్‌కే తగ్గుతాయి.

మరి పడవ పనిలో ఫోర్ వీల్ ఎక్కడ అక్కరకొస్తుందంటే, ర్యాంప్ మీద, అంటే పడవని నీళ్లలోకి దించి, తీసే వాలు మీద. అక్కడొక్కచోటే, కానీ అక్కడ గట్టిగా అక్కరకొస్తుంది. పడవని నీళ్లలోంచి తీసేటప్పుడు బండి వెనక చక్రాలు నీళ్ల అంచున ఉంటాయి, ఆ కాంక్రీటు మీద పాచి మన ఊరి చెరువు మెట్ల మీద పాచిలాగే ఉంటుంది, కాలు పెడితే నడుము విరుగుతుంది. వెనక చక్రాల ట్రక్ అయితే బరువు వెనక బాగానే ఉంటుంది కానీ ఆ చక్రాలు ఉన్నది పాచి మీద. మీ సియెన్నాలాంటి ముందు చక్రాల బండి అయితే ముందు చక్రాలు పైన పొడిగా ఉన్నచోటే ఉంటాయి, కానీ వాలు వల్ల బరువు వెనక్కి పోతుంది, దానికి తోడు నొగ వెనక భాగాన్ని కిందకి తొక్కుతుంది, ముందు చక్రాలు తేలికైపోయి ఊరికే తిరుగుతాయి. నాలుగు చక్రాలూ తిరిగితే పైన ఉన్నవో కింద ఉన్నవో ఏదో ఒక జత పట్టుకుంటుంది. నేను చూసినంతలో మంచి వాలు ఉన్న కొత్త ర్యాంపుల మీద మినీవ్యాన్లు నిక్షేపంగా పడవలు తీస్తున్నాయి, ఊరి బయట గులకరాళ్లు పోసి వదిలేసిన చోట మాత్రం పక్కవాళ్లని బతిమాలి తాడు కట్టించుకోవాలి. మీరు వెళ్లాలనుకునే చెరువులు ఏవో రాసుకుని, పడవ కొనకముందే ఒక ఆదివారం పొద్దున కాఫీ పట్టుకుని ఆ ర్యాంపుల దగ్గర గంటసేపు కూర్చోండి, నేను రాసే దానికంటే ఎక్కువ తెలుస్తుంది.

(మాటవరసకి, మిన్నెసోటాలో పడవ రోడ్డెక్కేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచాలి, ఆ చెరువు పురుగులు ఈ చెరువుకి రాకుండా. మళ్లీ దించేటప్పుడు పెట్టుకోవాలి. నేను ఒకసారి మర్చిపోయా. చీలమండల దాకా నీళ్లొచ్చాక మా చిన్నది, నాన్నా ఇది స్విమ్మింగ్ పూలా అంది.)

ఇప్పుడు మీ ఆవిడ వదిలేసిన సంగతి. క్యామ్రీ ముందు చక్రాల బండి, ఇంజిన్ బరువు ఆ చక్రాల మీదే ఉంటుంది, అందుకే ఎనిమిది చలికాలాలు లాక్కొచ్చింది. ఖాళీ పికప్ ట్రక్ అలా కాదు, బరువంతా ముందు, బలం వెళ్లేది వెనక చక్రాలకి, వాటి మీదేమో ఖాళీ డబ్బా. మంచులో పచ్చ సిగ్నల్ పడగానే వెనక భాగం పక్కకి నడుస్తుంది. ఇక్కడ పాతకాలం వాళ్లు చలికాలమంతా వెనక ఇరుసు మీదుగా ఇసుక మూటలు వేసుకుని తిరిగేది అందుకే. కాబట్టి మీ జాబితాలో ముందు కొట్టేయాల్సింది ఆ 3,800 తక్కువకొచ్చే టూ వీల్ డ్రైవ్ ట్రక్కే. అది చవకా కాదు, రేపు మీరు అమ్మబోతే ఈ రాష్ట్రంలో దాన్ని అడిగేవాడు దొరకడం కష్టం. ఫోర్ బై ఫోర్‌కి ఎక్కువ పెట్టిన దాంట్లో మంచి భాగం అమ్మేటప్పుడు చేతికొస్తుంది.

మిగిలినవి రెండు దారులు. సియెన్నాకి హిచ్, వైరింగ్ పెట్టించి, రెండు బండ్లకీ వింటర్ టైర్లు వేసుకోవడం. లేదా ఫోర్ బై ఫోర్ ట్రక్ కొని దానికీ వింటర్ టైర్లు వేసుకోవడం. నేనైతే మొదటిదే, కనీసం ఒక్క ఎండాకాలం. పడవ సరదా నిజంగా నిలబడుతుందో, మూడోసారికే డ్రైవ్‌వేలో ఆకులు రాలి పడి ఉంటుందో ఎవరికి తెలుసు, నిలబడితే వచ్చే ఏడాది ట్రక్కులు ఎక్కడికీ పోవు. ట్రక్ అంటే మీకు మోజుంటే కొనుక్కోండి, మోజు తప్పేం కాదు, కాకపోతే దాన్ని పిల్లల భద్రత ఖాతాలో రాయకండి.

ట్రక్కే తీసుకుంటే ఒకటి గుర్తుంచుకోండి, నాబ్ మీద 2హెచ్ (రెండు చక్రాలకే బలం), 4హెచ్ (నాలుగింటికీ), 4ఎల్ (నాలుగింటికీ, నిదానంగా వెళ్లే గేరులో) అని ఉంటాయి, కొన్నిట్లో 4ఏ (ఆటో) కూడా ఉంటుంది. 4హెచ్‌లో ముందు వెనక ఇరుసులు ఒకే స్పీడుకి కట్టేసి ఉంటాయి, పొడి రోడ్డు మీద మలుపు తిప్పితే ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, తిరగనివ్వదు, బండి గింజుకుంటూ కటకటలాడుతుంది, అలాగే తోలితే గేర్లు పాడవుతాయి. మంచు మీద, గులకరాళ్ల మీద, ర్యాంప్ మీద మాత్రమే వేయండి. 4ఏ ఉన్నది దొరికితే ఇక్కడి రోడ్లకి అదే సుఖం, రోడ్డు సగం తడి సగం ఐస్ ఉన్నచోట దానంతటదే చూసుకుంటుంది.

ప్రశ్న: మేం డెన్వర్‌లో ఉంటాం, పిల్లల స్కీయింగ్ కోసం నెలకి రెండుసార్లు ఐ-70 మీద కొండల్లోకి వెళ్తాం. మాది ఫ్రంట్ వీల్ టయోటా రావ్4 ఎస్‌యూవీ. ఆల్ వీల్ డ్రైవ్ లేకపోతే టికెట్ రాస్తారని మా వదిన భయపెడుతోంది. ఆల్ వీల్‌ది తీసుకుంటే వేసవిలో 2,000 పౌండ్ల పాప్-అప్ క్యాంపర్ (మడిచే గుడారం ట్రైలర్) కూడా లాగొచ్చు కదా అని ఆలోచన.

జవాబు: మీ వదినగారు సగం విన్నారమ్మా. కొలరాడో చట్టం సెప్టెంబర్ నుంచి మే దాకా మారిసన్, డాట్‌సీరోల మధ్య ఐ-70 మీద టైర్లనే పట్టుకుంటుంది. ఏ బండికైనా టైరు గాడి లోతు అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి, ముందు చక్రాల బండికి దాంతోపాటు ఏం కావాలో తాజా నిబంధన చూసుకోండి, ఆల్ వీల్ డ్రైవ్ ఉండి గాడి అంతకంటే అరిగితే టికెట్టే. అరిగిన టైర్లతో అడ్డంగా ఆగిపోయి రోడ్డు మూయించారంటే జరిమానా 650 డాలర్లు దాటుతుంది. పది డాలర్లలోపు గాడి లోతు కొలిచే పరికరం దొరుకుతుంది, కొనండి. ఎం ప్లస్ ఎస్ ముద్ర ఉన్న టైర్లతో సరిపెట్టుకోకండి, వింటర్ టైర్లే వేయండి, తిరుగు ప్రయాణం చాలావరకు దిగుడే, పైన రాసిన నా సిగ్నల్ కథ మళ్లీ చదవండి.

క్యాంపర్ సంగతి మాత్రం ఆల్ వీల్‌తో తీరదు. 2019 నుంచి వచ్చిన పెట్రోలు రావ్4లు చాలావరకు 1,500 పౌండ్లకే, ఆల్ వీల్ ఉన్న ఎల్ఈ రకం కూడా అంతే. అడ్వెంచర్, టీఆర్‌డీ ఆఫ్ రోడ్ రకాలు మాత్రం 3,500 లాగుతాయి, వాటికి ఇచ్చిన కూలింగ్ సిస్టం పెద్దది. ఇంకోటి, ఐ-70 మీదున్న ఐసెన్‌హోవర్ టనెల్ 11 వేల అడుగుల పైన ఉంది, గాలిని లోపలికి నెట్టే టర్బో లేని ఇంజిన్ వెయ్యి అడుగులకి మూడు శాతం చొప్పున బలం కోల్పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి మూడో వంతు దాకా పోయినట్టే. సముద్రమట్టం లెక్కలు చూసి కొన్న బండి అక్కడ 35 మైళ్ల స్పీడులో ట్రక్కుల వెనక ఏడుస్తూ ఎక్కుతుంది. కొండలెక్కి క్యాంపర్ లాగేవాళ్లు ఫోర్ వీల్ కంటే ముందు టర్బో ఉందా, ట్రైలర్‌కి బ్రేకులున్నాయా చూసుకోవాలి.

ప్రశ్న: డాలస్ నుంచి. 2021లో కరెంటు పోయి ఇంట్లో గడ్డకట్టుకుపోయిన దగ్గర్నుంచి మా ఆయన ఫోర్ బై ఫోర్ కావాలని పట్టుబట్టారు. ఏమంటారు?

జవాబు: కరెంటు పోయినదానికి జనరేటర్ కొనుక్కోవాలి గానీ ఫోర్ బై ఫోర్ ఏం చేస్తుందండీ. దానికి కొద్దిరోజుల ముందే ఫిబ్రవరి 11 పొద్దున ఫోర్ట్ వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద 130కి పైగా బండ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కేశాయి, ఆరుగురు పోయారు. అక్కడ మంచు కూడా లేదు, గడ్డకట్టిన వాన, కంటికి కనపడని ఐస్. ఆ కుప్పలో ట్రక్కులూ ఉన్నాయి, లారీలూ ఉన్నాయి. టెక్సస్‌లో ఏడాదికి ఒకటో రెండో రోజులు అలా ఉంటుంది, ఆ రోజు ఇంట్లోంచి పని చేయమనండి, బ్రిడ్జీల మీదకి అసలే వెళ్లొద్దనండి, కింద నేల వెచ్చదనం ఉండదు కాబట్టి ముందు గడ్డకట్టేవి అవే. మిగిలిన డబ్బుతో ఇంటి పైపులకి దుప్పట్లు చుట్టించండి.

ప్రశ్న: సర్, హైదరాబాద్ నుంచి ముగ్గురం ఫ్రెండ్స్ జనవరిలో మనాలి, అటల్ టనెల్ అవతల సిస్సు అటు వెళ్దామని. మా బావ థార్ ఇస్తానన్నాడు. థార్ ఉంటే చక్రాలకి చుట్టే మంచు చెయిన్లు అక్కర్లేదంటున్నాడు, నిజమేనా?

జవాబు: ముందు అది ఏ థార్ అని మీ బావని అడగండి. 2023 జనవరి నుంచి వెనక చక్రాల థార్ కూడా వస్తోంది, చూడ్డానికి రెండూ ఒకటే, లోపల గేరు పక్కన రెండో చిన్న లీవర్ ఉంటేనే ఫోర్ బై ఫోర్. మంచు పడ్డ రోజు మనాలి పైన పోలీసులు ఫోర్ బై ఫోర్ బండ్లనే సొలాంగ్, అటల్ టనెల్ వైపు వదులుతుంటారు, వెనక చక్రాల థార్‌తో వెళ్తే అక్కడే వెనక్కి తిప్పి పంపిస్తారు, మీ బావ పరువు పోతుంది.

చెయిన్లు పట్టుకెళ్లండి. హైదరాబాద్ టైర్లు మన ఎండకి చేసినవి, టనెల్ అవతల ఉత్తరం వైపు రోడ్డు మీద నీడలో పేరుకున్న ఐస్ మధ్యాహ్నం కూడా కరగదు. ఏ చక్రాలకి వేయాలో బండి పుస్తకంలో ఉంటుంది, బయల్దేరకముందు ఇంటి దగ్గర ఎండలో రెండుసార్లు వేసి తీసి చూడండి, అక్కడ మైనస్ ఎనిమిదిలో గ్లవ్స్‌తో ఆ కొక్కెం పట్టదు, గ్లవ్స్ తీస్తే వేళ్లు పనిచేయవు. 4ఎల్‌లో నిదానంగా దిగండి, బ్రేక్ మీద కాదు, గేరు మీద. డీజిల్ బండైతే కింద మైదానంలో ఫుల్ ట్యాంక్ కొట్టించి తీసుకెళ్లొద్దు, మామూలు డీజిల్ ఆ చలికి చిక్కబడి ఫిల్టర్ దగ్గర ఆగిపోతుంది, పైకి వెళ్లాక అక్కడి బంకులో నింపుకోండి. రాత్రి పార్క్ చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేరులో వదిలేసి చక్రం కింద రాయి పెట్టండి, లాగి వదిలేస్తే పొద్దున్నే అది గడ్డకట్టి పట్టేస్తుంది, తర్వాత వేడినీళ్ల కెటిల్ పట్టుకుని హోటల్ వాళ్ల చుట్టూ తిరగాలి.